దశాంశ హత్య

రేణిగుంట జంక్షన్ మూడో నంబర్ ప్లాట్‌ఫామ్ మీద, సోమవారం ఉదయం ఎనిమిదీ ఇరవైకి, పద్మనాభ్ చనిపోయాడు.

చేతిలో సగం తాగిన కాఫీ కప్పు. జేబులో చెన్నై టికెట్. వయసు ముప్ఫై నాలుగు. తిరుపతిలో ఒక క్యాన్సర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో సర్వర్లు చూసుకునే ఉద్యోగం. గుంపులో ఎవరో ఆడమనిషి అతని భుజానికి తగిలి "సారీ" అంది. "పర్లేదండీ" అన్నాడు. అతను మాట్లాడిన ఆఖరి మాట అదే. రెండు నిమిషాల తర్వాత బెంచీ మీద పక్కకి ఒరిగాడు. కాఫీ ఒలికి ప్యాంటు మీద పడింది. అతనికి తెలియలేదు.

చూసినవాళ్ళు గుండెపోటు అన్నారు. పోస్ట్‌మార్టమ్ చేసిన డాక్టరు మాత్రం మెడ వెనక సూదిమొనంత మచ్చని చూశాడు. చొక్కా జేబులో మడతపెట్టిన చీటీ దొరికింది. దాని మీద ఒకటే లైను:

7. ఎల్ 0.8. ఎస్ 8.0. ఎవరు?

చీటీ ఢిల్లీ వెళ్ళింది. గురువారం ఉదయం ఏడు గంటలకి ఏజెంట్ ఏబెల్‌కి పిలుపొచ్చింది.

ఏబెల్‌కి మనుషులంటే పుట్టుకతోనే చులకన. పదిహేడేళ్ళ గూఢచారి ఉద్యోగం ఆ చులకనకి తుప్పు పట్టనివ్వలేదు. శత్రువులని చూస్తే అతనికి ఆవులింత వచ్చేది. సొంత డిపార్ట్‌మెంట్‌ని చూస్తే నవ్వొచ్చేది. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఒడ్డున ఉన్న కలంకారీ షెడ్డులోకి అడుగుపెట్టగానే ఆ నవ్వే వచ్చింది. దండేల మీద ఆరేసిన గుడ్డల మధ్య చీఫ్ సౌందరరాజన్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని రంగులు పరిశీలిస్తున్నాడు. నల్లకళ్ళద్దాలతో కలంకారీ రంగులు చూసేవాడు పోలీసైనా అయ్యుండాలి, పిచ్చివాడైనా అయ్యుండాలి. షెడ్డులో పనివాళ్ళకి ఆ సంగతి ఎప్పుడో అర్థమై, టీ తాగడానికి బయటికి పోయారు.

"బేనీషా మామిడి వచ్చిందా?" అన్నాడు చీఫ్, గుడ్డ మీంచి చూపు తిప్పకుండా.

ఏబెల్ నిట్టూర్చాడు. "తోతాపురి మాత్రమే ఉండాది. సార్, పదిహేడేళ్ళుగా నన్ను చూస్తా ఉండారు. ఇంకా కోడ్ వర్డ్ కావాల్నా?"

"ప్రొసీజర్ ప్రొసీజరేనయ్యా." చీఫ్ ఒక ఫొటో తీశాడు. "టార్గెట్. డాక్టర్ వకుళ. బయోమెడికల్ ఇంజినీర్. క్యాన్సర్‌కీ, ఒంట్లో ఉండే ఇమ్యూనిటీకీ మధ్య జరిగే యుద్ధాన్ని మ్యాథమెటికల్ మోడల్‌గా రాసింది. రోగి నెత్తురు పరీక్షల నంబర్లు అందులో వేస్తే, క్యాన్సర్‌ని చంపే టీ-సెల్స్ ఎన్ని ఎక్కించాలో, ఎప్పుడు ఎక్కించాలో చెప్తుంది. దాన్ని ఈరోజు అమ్మేస్తోంది."

"ఎవరికి?"

"అంబర్ రింగ్‌కి. లీడర్ వెర్నర్ హోల్ట్. ఏ దేశంలో చవకైన మంచి వైద్యం పుట్టినా, దొంగిలించడమో, పురిట్లోనే చంపడమో వీళ్ళ వ్యాపారం. పద్మనాభ్‌కి సంగతి తెలిసింది. వాణ్ని లేపేశారు."

"చీటీ?"

చీఫ్ మొహం వెలిగింది. "మన క్రిప్టో సెక్షన్ మూడు రోజులు కూర్చుంది. నలభై పేజీల రిపోర్ట్. ఎల్ అంటే లండన్. ఎస్ అంటే సింగపూర్. 0.8, 8.0 అనేవి మోడల్ వెర్షన్లు. ఏడు అంటే డెలివరీ పాయింట్."

"చివర్లో 'ఎవరు?' అని ఉండాదే?"

"దాని మీద ఇంకా పని చేస్తున్నారు."

ఏబెల్ నది వైపు చూశాడు. నదిలో నీళ్ళు లేవు. ఆడవాళ్ళు ఇసకలో చెలమ తీసి గుడ్డలు జాడిస్తున్నారు. పొద్దుట్నించీ వాళ్ళు చేసిన పనే, మూడు రోజులు కూర్చుని రాసిన నలభై పేజీలకంటే నయమనిపించింది.

"రేణిగుంట ఎయిర్‌పోర్ట్ రోడ్డులో హోటల్. పదిన్నరకి వకుళ పెన్‌డ్రైవ్‌తో వస్తుంది. పట్టుకో. పన్నెండు దాకా నీ దగ్గరే ఉంచు. ఫోన్ చేయనివ్వొద్దు. అంబర్‌లో మన మనిషి ఒకామె ఉంది, కోడ్ నేమ్ కోయిల. హోల్ట్‌ని ఆమె చూసుకుంటుంది. ఈ ఇన్ఫర్మేషనంతా ఆమెదే." చీఫ్ జేబులోంచి ఒక పెన్ను తీసి ఇచ్చాడు. "కెమెరా ఉంది. ట్రాన్స్‌మిటర్ ఉంది."

"రాస్తుందా సార్?"

"రాయదు."

ఏబెల్ దాన్ని తీసుకుని బయటికొచ్చి, మొదటి మలుపులో ఆగి, సంచీ అడుక్కి తోసేశాడు.

మారువేషాల్లో ఏబెల్ నమ్మేది ఒకే ఒక్కదాన్ని: ఏసీ మెకానిక్. నీలం చొక్కా, చేతిలో స్క్రూడ్రైవర్, చంకలో మురికి ఫిల్టరు. ఈ దేశంలో డబ్బున్నవాడు దేవుడి మొహమైనా చూడకుండా ఉంటాడేమో గానీ, ఏసీ ఆగిపోతే మెకానిక్‌ని లోపలికి రానివ్వకుండా ఉండడు. రానిచ్చాక అతని మొహం చూడడు.

తొమ్మిదిన్నరకి హోటల్ లాబీలో రూపశ్రీ కనిపించింది. నెమలికంఠం రంగు పట్టుచీర. కుడిచేతి వేలికి కుంకుడుకాయంత ఎర్రరాయి ఉంగరం. లాబీలో ఉన్న మగవాళ్ళందరూ పేపర్లు తలకిందులుగా పట్టుకున్నారు. అంబర్ రింగ్ ముసుగు కంపెనీకి ఆమె పీఆర్ కన్సల్టెంట్. డిపార్ట్‌మెంట్‌కి కోయిల. ఇద్దరి దగ్గరా జీతం తీసుకుంటూ ఇద్దరికీ తానే దిక్కని నమ్మించగల మనిషి. అందంతో పనులు జరిపించుకునేవాళ్ళు బుర్రని వాడరని డిపార్ట్‌మెంట్ నమ్మకం. ఏబెల్‌కి అంత ధీమా లేదు.

"ఏసీలో గ్యాస్ అయిపోయిందా?" అంది, అద్దంలో బొట్టు సరిచేసుకుంటూ.

"కంప్రెసర్ పోయింది." అది వాళ్ళ కోడ్.

"వకుళ పదిన్నరకి వస్తుంది. ఇన్వెస్టర్ల ముందు ప్రజెంటేషన్ అని పిలిపించాను. పన్నెండు దాకా వదలొద్దు. నిమిషం ముందు వదిలినా హోల్ట్ చేజారిపోతాడు."

"హోల్ట్ యాడుండాడు?"

"అది నా పని." నవ్వింది. ఆ నవ్వు ఎన్ని ఫైళ్ళు తెరిపించిందో ఏబెల్‌కి తెలుసు. ఆమె బయటికి నడిచి, తిరుపతి వైపు పోయే నల్ల కారెక్కింది.

అక్కడే ఏబెల్‌కి ఒక చిన్న ముల్లు గుచ్చుకుంది. హోల్ట్‌ని పట్టుకోవాలంటే సరుకు ఉన్నచోట ఉండాలి. ఈమె సరుకుకి దూరంగా పోతోందేమిటి? అయినా ఆర్డర్ ఆర్డరే. అతను స్టూలెక్కి, బాగానే ఉన్న ఏసీని విప్పడం మొదలుపెట్టాడు.

పదిన్నరకి వకుళ వచ్చింది. నూలు చీర, భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో టిఫిన్ డబ్బా. దేశద్రోహానికి వస్తూ టిఫిన్ డబ్బా తెచ్చుకునేవాళ్ళని ఏబెల్ ఇంతవరకూ చూడలేదు. దొంగతనంలో కూడా పొదుపు, అనుకున్నాడు అసహ్యంగా.

"కాన్ఫరెన్స్ హాల్ ఎటు?" అని అడిగింది.

"ఇట్ట రండి మేడమ్."

సర్వీస్ రూమ్‌లోకి తీసుకెళ్ళి తలుపు గడియ పెట్టాడు. కార్డు చూపించాడు. ఫోన్ లాక్కున్నాడు. బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆట అయిపోయింది. హోల్ట్‌కి మోడల్ ఎంతకి అమ్మినావు?"

వకుళ అతన్ని పై నుంచి కింది దాకా చూసింది. ఆ చూపులో భయం లేదు. లెక్క తప్పు చేసిన పిల్లవాణ్ని పంతులమ్మ చూసే చూపు అది.

"నా మోడల్‌ని అమ్మేదేముంది సార్? సమీకరణాలన్నీ రెండేళ్ళ కిందటే జర్నల్లో అచ్చయినాయి. కోడ్ నెట్‌లో ఉండాది. ఎవరైనా దించుకోవచ్చు, ఊరికే. మీ ఆఫీసులో నెట్ లేదా?"

ఏబెల్ పెన్‌డ్రైవ్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అందులో ఉండేది స్లైడ్లు," అంది పెన్‌డ్రైవ్ చూపిస్తూ. "పద్దెనిమిది. సూడండి కావాలంటే. తొందరగా సూసి నన్ను వదలండి. పదకొండున్నరకి ట్రయల్ వార్డులో మొదటి ఇన్‌ఫ్యూజన్, టీ-సెల్స్ ఎక్కించేది. టీవీవాళ్ళు గూడా వస్తా ఉండారు. నేను అక్కడ ఉండాల. పదకొండుంబావుకల్లా వెనక్కి పంపిస్తానని ఆ రూపశ్రీ అన్నందుకే వచ్చినాను."

"ఎవరికి ఇన్‌ఫ్యూజన్?"

"గంగులమ్మని, చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కూలి. నెత్తురు క్యాన్సర్. ట్రయల్లో ఏడో నంబర్ పేషెంట్."

ఏడు.

అతను చీటీ నకలు తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇది పద్మనాభ్ జేబులో దొరికింది. ఎల్ లండనని, ఎస్ సింగపూరని మావాళ్ళు నలభై పేజీలు రాసినారు."

వకుళ చదివింది. ఒక్క క్షణం. ఆమె పెదాలు తెల్లబడ్డాయి.

"ఎల్ అంటే ల్యాప్‌టాప్ సార్. నాది. ఎస్ అంటే సర్వర్. హాస్పిటల్ది." వేలు అంకెల మీదికి జరిపింది. "ఏడో పేషెంట్‌కి మొదటి డోసు, కిలో బరువుకి ఎనిమిది లక్షల కణాలు అని నా ల్యాప్‌టాప్ చెప్పింది. పోయినవారం మీటింగులో అందరికీ అదే చెప్పినాను. మిలియన్లలో, అంటే పది లక్షల లెక్కన రాస్తాం. సున్నా పాయింట్ ఎనిమిది. హాస్పిటల్ సర్వర్లో ఎవరో గంగులమ్మ నంబర్లు మార్చినారు. అది ఎనిమిది పాయింట్ సున్నా చూపిస్తా ఉండాది. ఎనభై లక్షలు. బ్యాగ్ తయారుచేసేది సర్వర్ ప్రకారమే. చుక్క ఒక్క స్థానం జరిపినారు, అంతే. పద్మనాభ్ అది కనిపెట్టినాడు. ఎవరు మార్చినారని రాసుకున్యాడు."

"పది రెట్లు ఎక్కిస్తే ఏమవుతుంది?"

"సాయంత్రానికి చచ్చిపోతుంది."

ఇక చెప్పాల్సిన పనిలేదు. దొంగిలించడానికి ఏమీ లేని మోడల్‌ని చంపడానికే అంబర్ వచ్చింది. టీవీ కెమెరాల ముందు ఒక కూలి మనిషి చచ్చిపోతే, ఊరికే దొరికే ఆ లెక్కల్ని ప్రపంచంలో ఇంకే డాక్టరూ ముట్టుకోడు. ఆ పని జరిగేటప్పుడు, తేడా కనిపెట్టగల ఒకే ఒక్క మనిషిని పన్నెండు కిలోమీటర్ల దూరంలో గదిలో పెట్టి తాళం వేయాలి. అందుకోసం వాళ్ళు కిరాయి గూండాలని పెట్టుకోలేదు. భారత ప్రభుత్వ గూఢచారి శాఖని వాడుకున్నారు. ఊరికే.

ఏబెల్‌కి జీవితంలో మొదటిసారి తన మీదే చులకన కలిగింది. కొత్తగా ఉంది. బాగాలేదు.

వకుళ తన ఫోన్ తిరిగి తీసుకుని, ట్రయల్ హెడ్ డాక్టర్ దయానంద్‌కి చేసింది. స్విచ్చాఫ్. వార్డు ల్యాండ్‌లైన్ మోగింది. ఎవరో ఎత్తారు.

"ట్రయల్ వార్డ్. చెప్పండి," అంది రూపశ్రీ తియ్యగా.

వకుళ ఫోన్ పెట్టేసింది. ఏబెల్ చీఫ్‌కి చేశాడు.

"సార్, కోయిల మనల్ని అమ్మేసింది. హాస్పిటల్లో హత్య జరగబోతా ఉండాది. లోకల్ పోలీసుల్ని పంపండి."

"సోర్స్?"

"వకుళే."

"నిందితురాలి మాట నమ్ముతున్నావా? ఏమయ్యా ఏబెల్, నీకేమైనా... ఆర్డర్ ఈజ్ ఆర్డర్. పన్నెండు దాకా కదలొద్దు."

"సరే సార్," అని ఏబెల్ ఫోన్ కట్ చేసి, గడియ తీశాడు. టైమ్ పదీ యాభై ఏడు.

డిపార్ట్‌మెంట్ వ్యాను పదకొండూ ఐదుకి రైల్వే గేటు దగ్గర ఆగిపోయింది. గూడ్సు బండి. ఎన్ని వ్యాగన్లున్నాయో లెక్కపెట్టే ఓపిక ఏబెల్‌కి లేదు. బండి పోయినా గేటు లేవలేదు. ఇద్దరూ దిగి, గేటు కింద నుంచి దూరి అవతలికి పరుగెత్తారు. అక్కడ చిన్నబ్బ అనే ఆటోవాడు బీడీ ముట్టిస్తున్నాడు.

"యాడికప్పా?"

"క్యాన్సర్ ఆసుపత్రికి. బిన్నా పోవాల. ఒక ప్రాణం పోతా ఉండాది."

చిన్నబ్బ బీడీ పారేశాడు. "ముందే సెప్పొచ్చు గదబ్బా!" అని ఆటోని యాత్రికుల బస్సుల మధ్య నుంచి, కాలవ గట్టు మీంచి, ఒకసారి ఎదురు దిక్కులో కూడా తోలాడు. ఇరవై గ్యాడ్జెట్లున్న డిపార్ట్‌మెంట్ వ్యాను కంటే ఈ మూడు చక్రాల డొక్కు నయం, అనుకున్నాడు ఏబెల్.

"ఒకటి చెప్పండి," అన్నాడు వకుళతో. ఎప్పుడు "మీరు"లోకి మారాడో అతనికే తెలియలేదు. "ఆ టీ-సెల్స్ ఆమె ఒంట్లోవే గదా. క్యాన్సర్ని చంపేవే గదా. ఎక్కువ పోతే ఎక్కువ చంపల్ల. ఆమె ఎందుకు చచ్చిపోతుంది?"

"మీది యా ఊరు?"

"తడ పక్కన. పులికాట్ సరస్సు. మా నాయన రొయ్యల గుంట పెట్టినాడు."

"గుంటలో పాచి పట్టిందనుకోండి. మందంతా ఒకేసారి కొడితే?"

పదకొండేళ్ళప్పుడు చూసింది ఏబెల్ కళ్ళ ముందుకొచ్చింది. "పాచి చస్తాది. చచ్చిందంతా నీళ్ళల్లో కుళ్తాది. నీళ్ళల్లో గాలి ఉండదు. పొద్దునకల్లా రొయ్యలన్నీ తేలతాయి." కుదుపుకి ఆటో కమ్మీ పట్టుకున్నాడు. "మా నాయన గట్టు మీద కూర్చున్యాడు. మూడు రోజులు లేయలే."

"గంగులమ్మ ఒళ్ళంతా పాచే సార్ ఇప్పుడు. అందుకే కొంచెం కొంచెంగా చంపాల. ఎంత కొంచెం, ఎన్ని రోజులకొకసారి అనేదే నా లెక్క. ఇంకేం లేదు అందులో."

ఏబెల్‌కి ఢిల్లీలో నలభై పేజీలు రాసినవాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళకి ఈ ఆటోలో సీటు కూడా ఇవ్వకూడదనిపించింది.

పదకొండూ ఇరవై మూడు. ఆసుపత్రి వెనక గేటు. వకుళ కార్డు పెట్టింది. ఎర్రలైటు. మళ్ళీ పెట్టింది. ఎర్రలైటు. ఆమె పేరు సిస్టమ్‌లోంచి తీసేశారు. సెక్యూరిటీ గార్డు అడ్డం నిలబడ్డాడు.

"కార్డు పలకలేదంటే లోపలికి లేదు మేడమ్. పై నుంచి ఆర్డర్."

ఏబెల్ ఫిల్టరు చంకలో పెట్టుకుని ముందుకొచ్చాడు. గార్డు అతని మొహం చూడలేదు.

"ఏసీనా? పో పో. వార్డులో పెద్దోళ్ళు సెమటలు కారస్తా ఉండారు."

వకుళ ఏబెల్ చెయ్యి పట్టుకుంది. "బ్యాగ్ కింద ట్యూబ్‌కి చిన్న చక్రం ఉంటాది. కిందికి తిప్పితే మూసుకుంటాది. ట్యూబ్ పీకొద్దు. చక్రమే."

"చక్రమే," అన్నాడు ఏబెల్.

మెట్లు మూడేసి ఎక్కాడు. మూడో అంతస్తు. ట్రయల్ వార్డు కారిడార్. దాని చివర, అద్దాల తలుపు ముందు, నెమలికంఠం చీర.

రూపశ్రీ నవ్వలేదు ఈసారి. "నువ్వు రేణిగుంటలో ఉండాలి కదా?"

"నువ్వు మనవైపు ఉండాలి కదా."

"ఏ వైపు? నెలకొకసారి గుడ్డల షెడ్డులో కూర్చుని మామిడికాయల గురించి మాట్లాడే వైపా?" ఆమె ఒక్కో అడుగూ దగ్గరికొస్తోంది. "ఆ ముసలాయన నేను చెప్పిన ప్రతి అబద్ధానికీ నంబరేసి ఫైల్ చేశాడు. నీకు నవ్వు రాలేదా, ఏబెల్?"

"వచ్చింది. పద్మనాభ్ సంగతి తెలిసినాక పోయింది."

ఆమె కుడిచెయ్యి పాములా లేచింది. ఉంగరంలోని ఎర్రరాయి పక్కకి తప్పుకుని, సన్నని సూది బయటికొచ్చింది. ఏబెల్ చంకలోని ఫిల్టరుని మెడకి అడ్డం పెట్టాడు. ఆరునెలల దుమ్ము పట్టిన ఫిల్టరులో సూది దిగి ఇరుక్కుంది. అతను ఫిల్టరుని గట్టిగా మెలితిప్పాడు. వేలితో సహా ఉంగరం మెలిపడింది. ఆమె కేకపెట్టేలోపు పక్కనున్న ఏసీ ప్లాంట్ రూమ్‌లోకి తోసి, బయట గొళ్ళెం పెట్టాడు. లోపల మోటార్ల హోరు. ఆమె ఎంత తియ్యగా అరిచినా వినేవాడు లేడు.

పదకొండూ ఇరవై తొమ్మిది.

అద్దాల అవతల మూడు టీవీ కెమెరాలు. ముందు వరుసలో కాలు మీద కాలేసుకుని తెల్లజుట్టు విదేశీయుడు. వెర్నర్ హోల్ట్. మంచం పక్కన మైకు పట్టుకుని డాక్టర్ దయానంద్. అతను దుర్మార్గుడు కాదు. అద్దం కనిపిస్తే ఆగిపోయే రకం, అంతే. లైవ్ డిస్‌ప్లే పెడతామంటే రూపశ్రీకి సర్వర్ పాస్‌వర్డ్ ఇచ్చినవాడూ అతనే.

"ఈ చారిత్రక క్షణంలో..." అంటూ అతను బ్యాగు కింద చక్రాన్ని పైకి తిప్పాడు. కెమెరాల కోసం నెమ్మదిగా, చిరునవ్వుతో.

ట్యూబులో పాలనురగ రంగు ద్రవం కదిలింది. కిందికి జారుతోంది. ఒక జాన. బెత్తెడు. గంగులమ్మ చేతికి రెండంగుళాల దూరం.

తలుపు భళ్ళున తెరుచుకుంది. ఏబెల్ రెండు కుర్చీల మీదుగా దూకి, ఒక కెమెరాని పడేసి, ఎడమచేత్తో ట్యూబు మడిచి నొక్కేశాడు. కుడిచేత్తో చక్రాన్ని కిందికి తిప్పాడు.

"ఎవడ్రా వీడు! సెక్యూరిటీ!" దయానంద్ అరిచాడు. "మైకు... నా మైకు..."

మంచం మీద గంగులమ్మ కళ్ళు తెరిచి చూసింది. యాభై రెండేళ్ళ మనిషి. ఎముకల గూడు. ఆమె చెయ్యి ఇప్పుడు ఏబెల్ చేతి కిందే ఉంది. ఏళ్ళ తరబడి మామిడి సొనతో మాడి, పగుళ్ళు నల్లబడిన వేళ్ళు. అతని తల్లివీ అలాంటి వేళ్ళే. ఐసులో రొయ్యలు ఒలిచి ఒలిచి.

"ఏమప్పా," అంది గంగులమ్మ నీరసంగా, "ఏసీ బాగుసేసేదానికొచ్చి నా సెయ్యి పట్టుకున్యావేంది?"

ఏబెల్ మంచం అవతల నిలబడ్డ నర్సు వైపు తిరిగాడు. చొక్కా మీద కోమలి అని పేరుంది. "సిస్టర్. బ్యాగ్ మీద డోసెంత ఉండాదో గట్టిగా చదువు."

"ఎనిమిది పాయింట్ సున్నా."

"పోయినవారం మీటింగులో వకుళ మేడమ్ ఎంత చెప్పింది?"

కోమలి దయానంద్ వైపు చూసింది. కెమెరాల వైపు చూసింది. ఉద్యోగం, జీతం, రెండూ ఆమె కళ్ళల్లో ఒకసారి మెదిలాయి. తర్వాత గంగులమ్మ వైపు చూసింది.

"సున్నా పాయింట్ ఎనిమిది," అంది. "నేను పొద్దున కూడా అడిగినాను సార్. కంప్యూటర్ చెప్పింది, నోరు మూసుకోమన్యారు."

మిగిలిన రెండు కెమెరాలూ బ్యాగ్ వైపు తిరిగాయి.

"కంప్యూటర్ తప్పు చెప్పదు," అన్నాడు దయానంద్. కానీ మైకు కిందికి దిగింది.

"కంప్యూటర్ చెప్పలే డాక్టర్. దాని చేత చెప్పించినారు. నీ పాస్‌వర్డ్‌తో."

ముందు వరుసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. వెర్నర్ హోల్ట్ తలుపు దాకా చేరాడు. ఆరు దేశాల పోలీసుల్ని ఏమార్చిన మనిషి, కారిడార్లో పరుగెత్తి మెట్ల దగ్గర వకుళని గుద్దుకున్నాడు. గార్డుని ఒప్పించలేక పక్కకి తోసేసి పైకొచ్చిందామె. వార్డులోంచి పారిపోయేవాడు దొంగేనని, చేతిలో ఏముందో చూసుకోకుండా కొట్టింది. ఉన్నది టిఫిన్ డబ్బా. స్టీలుది. నాలుగు గిన్నెలది. హోల్ట్ మెట్ల మీద కూర్చుండిపోయాడు, నుదుటి మీద చింతపండు పులిహోరతో.

వకుళ అతన్ని దాటుకుని వార్డులోకి వచ్చింది. బ్యాగు చూసింది. ట్యూబు చూసింది. రెండంగుళాలు చూసింది. అప్పుడు గోడకి ఆనుకుని, చీర కొంగు నోట్లో కుక్కుకుని, శబ్దం రాకుండా ఏడ్చింది. నిమిషం కంటే ఎక్కువసేపు కాదు. తర్వాత మొహం తుడుచుకుని ల్యాప్‌టాప్ తెరిచింది.

"కోమలీ, ఆ బ్యాగ్ ల్యాబుకి పంపించు. కొత్త డోసు నేనే దగ్గరుండి తీయిస్తాను. సర్వర్ని ఎవరూ ముట్టుకోవద్దు. గంగులమ్మా, ఇంకొక్క రెండు గంటలు ఓర్చుకోవల్లమ్మా."

"నాకేం తొందర తల్లీ," అంది గంగులమ్మ. "యాడికి పోతాను?"

మధ్యాహ్నం రెండుకి సరైన డోసు ఎక్కింది. కెమెరాలు లేవు. ప్రసంగం లేదు. నర్సు కోమలి, వకుళ, మూలన నిలబడ్డ ఏసీ మెకానిక్. ఏడు నిమిషాల్లో అయిపోయింది. యుద్ధం మొదలయ్యేటప్పుడు శబ్దం కూడా రాదని ఏబెల్‌కి ఆరోజు తెలిసింది.

సాయంత్రం చీఫ్ దిగాడు. నల్లకళ్ళద్దాలు తీయకుండానే ప్రెస్ ముందు నిలబడి, నెలల తరబడి ఈ ఆపరేషన్‌ని తానే స్వయంగా నడిపించానన్నాడు. రూపశ్రీ మీద మొదటి నుంచీ తనకి అనుమానమేనన్నాడు. ఆమె జీపులోంచి ఆ మాట విని, సంకెళ్ళ చేతుల్తోనే చప్పట్లు కొట్టింది. ఆ రోజు ఆమె చేసిన నిజాయితీ పని అదొక్కటే. ఏబెల్‌కి మాత్రం మెమో అందింది. ఆర్డర్ ధిక్కరించి నిందితురాల్ని గది దాటించినందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఒక్క పేజీలో. ఏబెల్ ఒక్క లైనులో ఇచ్చాడు: "ఆమె లెక్క సరైనది. మనది కాదు."

మూడు నెలలు గడిచాయి. వకుళ నుంచి ఒక్క మెసేజ్ వచ్చింది: "ఏడో నంబర్. స్కాన్ క్లియర్." ఏబెల్ దాన్ని నాలుగుసార్లు చదివాడు. చదివినట్టు ఎవరికీ చెప్పలేదు.

ఇంకో పని మీద బెంగళూరు పోతూ చిత్తూరు దాటాక కారు ఆపించాడు. ఊరి మొదట్లో రేకుల ఇల్లు. ముందు పందిరి కింద ఒకామె కూర్చుని రాయితో చింతకాయలు కొట్టి గింజలు తీస్తోంది. తలమీద కొత్తగా అంగుళం జుట్టు. ఒంట్లో కాస్త కండ. ఇస్త్రీ చొక్కాలో ఉన్న ఏబెల్‌ని ఆమె గుర్తుపట్టలేదు. మంచినీళ్ళు అడిగితే చెంబుతో ఇచ్చింది.

"ఒళ్ళు బాగుండాదామ్మా?"

"ఇప్పుడు బాగుండాదప్పా. సచ్చి బతికినాను." గంగులమ్మకి చెప్పడానికి మనిషి దొరికాడు. "వకుళమ్మని ఒగామె ఉండాది. డాకటరు గూడా కాదంట, లెక్కలేసేయామె. దేవతప్పా. నర్సమ్మ గూడా బంగారం. ఆ పెద్ద డాకటరు ఊరికే మైకు పట్టుకోని తిరగతాడు, వాడి సంగతిడువు."

"ఇంకెవురూ లేరా ఆడ?"

"ఇంకెవురు? ఆ... మందెక్కించే పొద్దు ఏసీ బాగుసేసేవాడు ఒకడొచ్చినాడు. ఫుల్లుగా తాగినాడు. కుర్చీలన్నీ తోసేసి, ట్యూబు పట్టుకోని, నా సెయ్యి పట్టుకోని ఏడస్తా నిలబడినాడు." గంగులమ్మ గింజని నేలకేసి కొట్టింది. "అంత పెద్ద ఆసుపత్రి. తాగుబోతు నాయాళ్ళని లోపలికెట్ట ఇడిస్తారప్పా?"

ఏబెల్ నీళ్ళు పూర్తిగా తాగి, చెంబు ఆమె చేతికిచ్చాడు.

"నిజమేనమ్మా," అన్నాడు. "అట్టాంటోళ్ళని గేటు కాడే ఆపల్ల."